జాన్ డన్‌లప్: టైర్‌లో గాలి నింపిన పశువుల డాక్టర్.. పేరు మిగిలింది, పేటెంట్ జారిపోయింది!

ముఖ్యాంశాలు:

• కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం మొదలైన ప్రయోగం.. ప్రపంచం రోడ్ల మీద తిరిగే తీరునే మార్చేసింది
• పేటెంట్ వచ్చిన రెండేళ్లకే చెల్లదని తేలింది.. 40 ఏళ్ల ముందే మరొకరు తీసుకున్నారట
• కంపెనీకి డన్‌లప్ పేరు వచ్చేసరికి ఆ కంపెనీలో డన్‌లప్ లేరు
• ట్యూబ్‌లెస్ సైకిల్ టైర్‌లో స్లో లీక్ ఎక్కడుందో పట్టుకోవడానికీ ఈ కథే దారి చూపిస్తుంది

రాత్రి ఫుల్‌గా గాలి కొట్టి పెడతాం. పొద్దున చూస్తే టైర్ మెత్తగా ఉంటుంది. ముల్లు కనిపించదు, మేకు కనిపించదు. మళ్లీ గాలి కొడితే సాయంత్రం దాకా బాగానే ఉంటుంది. మర్నాడు మళ్లీ అదే కథ. స్లో పంక్చర్‌తో తిప్పలు పడని సైకిల్ ఓనర్ ఉండరు. లక్షలు పోసి కొన్న ట్యూబ్‌లెస్ సైకిళ్లకూ ఈ బాధ తప్పదు.

అసలు టైర్‌లో గాలి నింపి, దాన్ని బయటికి పోకుండా ఆపాలన్న ఆలోచనను పనిలో పెట్టి చూపించింది ఎవరో తెలుసా? ఇంజినీర్ కాదు, సైకిల్ మెకానిక్ కూడా కాదు. గుర్రాలకు, ఆవులకు వైద్యం చేసే ఒక పశువుల డాక్టర్. పేరు జాన్ బాయ్డ్ డన్‌లప్. ఆయన జీవితం చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. గాలి నింపడం ఒక మనిషి చేసిన పని. ఆ గాలిని నిలబెట్టడం మాత్రం చాలామంది చేయాల్సి వచ్చిన పని.

ఇంతకీ ఎవరీ డన్‌లప్?

1840 ఫిబ్రవరి 5న స్కాట్లాండ్‌లోని డ్రెగ్‌హార్న్ అనే ఊళ్లో డన్‌లప్ పుట్టారు. వ్యవసాయ కుటుంబం. చిన్నప్పటి నుంచీ పశువుల మధ్యే పెరిగారు. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివారు. కొన్నేళ్లు సొంత ప్రాంతంలోనే ప్రాక్టీస్ చేసి, 1867లో సముద్రం దాటి ఐర్లాండ్ వెళ్లిపోయారు. అక్కడ డౌన్‌పాట్రిక్ అనే ఊళ్లో సోదరుడు జేమ్స్‌తో కలిసి పశువుల క్లినిక్ నడిపారు. 1871లో మార్గరెట్‌తో పెళ్లయింది. ఒక కొడుకు, ఒక కూతురు.

తర్వాత మకాం బెల్‌ఫాస్ట్‌కు మార్చారు. మే స్ట్రీట్‌లో పెట్టిన ఆయన ప్రాక్టీస్ చూస్తుండగానే పెద్దదైపోయింది. 1880ల మధ్యకొచ్చేసరికి ఐర్లాండ్‌లోనే పెద్ద పశువైద్యశాలల్లో అదొకటి. అప్పటికి ఆయన వయసు 45 దాటింది. చేతిలో మంచి పని, ఊళ్లో మంచి పేరు. కొత్తగా ఏదో కనిపెట్టాల్సిన అవసరమేమీ లేదు. కానీ వైద్యం పనిలో రబ్బరుతో సామాన్లు చేసుకున్న అనుభవం ఉంది. అదే తర్వాత అక్కరకొచ్చింది.

కొడుకు బండి.. రాళ్ల రోడ్డు

అప్పటి బెల్‌ఫాస్ట్ వీధులంటే ఇప్పటి తారురోడ్లు కాదు. నల్లరాయి దిమ్మెలు పరిచిన బాటలు, మధ్యలో ట్రామ్ పట్టాలు. సైకిళ్లకు ఉండేవి గట్టి రబ్బరు టైర్లు. లోపల గాలి ఉండదు, మొత్తం రబ్బరే. రాయి మీదికెక్కిన ప్రతిసారీ ఆ కుదుపు నేరుగా ఒళ్లు అదరగొట్టేది.

డన్‌లప్ కొడుకు జానీకి అప్పుడు తొమ్మిది, పదేళ్లుంటాయి. మూడు చక్రాల సైకిల్ మీద తిరిగేవాడు. ఈ రాళ్ల మీద బండి ఎగిరెగిరి పడుతోంది, స్పీడ్ కూడా రావట్లేదు. కొడుకు ఇబ్బంది చూసిన తండ్రి చక్రానికి మెత్తని అంచు కట్టాలనుకున్నారు. రబ్బరు మందం పెంచితే బరువు పెరుగుతుంది. మరి బరువు లేకుండా మెత్తదనం రావాలంటే? లోపల గాలి ఉండాలి.

గేటు దాకా దూసుకెళ్లిన చక్రం

1887 అక్టోబర్‌లో ఇంటి పెరట్లోనే ప్రయోగం మొదలైంది. దాదాపు 96 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న చెక్క చక్రం తీసుకున్నారు. ఒక మిల్లీమీటర్ కంటే పల్చటి రబ్బరు షీటుతో గొట్టం చేశారు. దాన్ని చక్రం చుట్టూ పెట్టి, పైన నారబట్ట తొడిగి బిగించారు. ఫుట్‌బాల్‌కు గాలి కొట్టే పంపుతో గాలి నింపారు.

ఇక అసలు పరీక్ష. జానీ బండికున్న మామూలు చక్రాన్ని, ఈ గాలి చక్రాన్ని ఒకదాని తర్వాత ఒకటి పెరట్లో దొర్లించారు. మామూలు చక్రం కొంత దూరం వెళ్లి పడిపోయింది. గాలి చక్రం మాత్రం పెరడంతా దాటేసి, గేటు స్తంభానికి కొట్టుకుని వెనక్కి ఎగిరింది. గాలి ఉన్న చక్రం మెత్తగా ఉండటమే కాదు, తక్కువ బలంతో ఎక్కువ దూరం పోతుందని ఆ రోజు తేలింది.

ఎందుకలా? గట్టి చక్రం రాయి ఎక్కినప్పుడల్లా బండిని మొత్తంగా పైకెత్తాలి. ఆ ఎత్తడంలోనే బలమంతా పోతుంది. గాలి టైరైతే రాయి తగిలిన చోట మాత్రమే లోపలికి నొక్కుకుని, రాయి దాటగానే మళ్లీ మామూలుగా అయిపోతుంది. బండి పైకి ఎగరదు. అందుకే స్పీడ్ తగ్గదు.

తర్వాత జానీ సైకిల్ వెనక చక్రాలు రెంటికీ ఈ టైర్లే కట్టారు. ఫలితం చూశాక డన్‌లప్‌కు నమ్మకం కుదిరింది. 1888 జులైలో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. అదే ఏడాది డిసెంబర్ 7న పేటెంట్ చేతికొచ్చింది.

నవ్వినవాళ్లే నోరెళ్లబెట్టారు

టైమ్ కూడా కలిసొచ్చింది. అంతకు మూడేళ్ల ముందే, 1885లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ కెంప్ స్టార్లీ రెండు సమాన చక్రాల రోవర్ సైకిల్ తెచ్చారు. ఇప్పుడు మనం తొక్కే సైకిల్ ఆకారం దాదాపు అదే. అంతకు ముందున్న ఎత్తు చక్రాల సైకిల్‌లో ముందు చక్రం పెద్దది కాబట్టి కుదుపు కాస్త తగ్గేది. చిన్న చక్రాల కొత్త సైకిల్‌కు ఆ సౌకర్యం లేదు. సరిగ్గా ఆ లోటునే గాలి టైర్ తీర్చింది.

బెల్‌ఫాస్ట్ క్రూయిజర్స్ క్లబ్ కెప్టెన్ విలియం హ్యూమ్ గాలి టైర్ల సైకిల్ కొన్నారు. రేసులో వాడి చూడమని డన్‌లప్ సలహా ఇచ్చారు. 1889 మే 18న బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీ మైదానంలో పోటీలు జరిగాయి. లావుపాటి టైర్లతో వచ్చిన హ్యూమ్ సైకిల్‌ను చూసి జనం నవ్వుకున్నారని చెబుతారు. పోటీలు అయ్యేసరికి సీన్ రివర్స్. నాలుగు సైకిల్ రేసులు జరిగితే నాలుగూ హ్యూమే గెలిచారు. కొద్దిరోజులకే లివర్‌పూల్ వెళ్లి అక్కడా ఒక్కటి తప్ప అన్నీ గెలిచేశారు.

ఓడినవాళ్లలో హార్వే డ్యూ క్రో అనే వ్యాపారి కొడుకులు కూడా ఉన్నారు. ఈయన ఐర్లాండ్ సైక్లిస్టుల సంఘానికి ప్రెసిడెంట్. కొడుకులు ఓడారని కోపం తెచ్చుకోలేదు. గెలిపించిన టైర్ ఏంటో ఆరా తీశారు. 1889లోనే డబ్లిన్‌లో గాలి టైర్ల కంపెనీ పుట్టింది. డన్‌లప్ తన పేటెంట్‌ను కంపెనీకి ఇచ్చేశారు. బదులుగా ఆయనకు దక్కింది 1,500 షేర్లు.

పేటెంట్‌కే చిల్లు

అంతా బాగుందనుకున్న టైమ్‌లో పిడుగులాంటి వార్త. 1890లో డన్‌లప్ పేటెంట్ చెల్లదని తేలింది. కారణం.. ఇదే ఆలోచనకు 1845లోనే పేటెంట్ ఉంది. తీసుకున్నది కూడా స్కాట్లాండ్ మనిషే. పేరు రాబర్ట్ విలియం థామ్సన్. అప్పటికి ఆయన వయసు 23 ఏళ్లు.

థామ్సన్ టైర్ ఉత్తుత్తి కాగితం బొమ్మ కాదు. రబ్బరు పూసిన గుడ్డతో గొట్టాలు చేసి, పైన తోలు తొడిగి, గుర్రపు బండి చక్రాలకు బిగించారు. 1847లో లండన్ రీజెంట్స్ పార్కులో నడిపి చూపించారు. ఒక జత టైర్లు 1,200 మైళ్లు, అంటే 1,900 కిలోమీటర్లకు పైగా తిరిగినా చెక్కుచెదరలేదు. అయినా వ్యాపారం నడవలేదు. పల్చటి మంచి రబ్బరు దొరకడం కష్టం, ధర ఎక్కువ. పైగా అప్పటికి సైకిల్ అనేదే జనంలోకి రాలేదు. 1873లో థామ్సన్ చనిపోయారు. ఆయనతో పాటే ఆ ఆలోచన కూడా జనం మర్చిపోయారు.

డన్‌లప్ దీన్ని ఎక్కడా చూసి కాపీ కొట్టలేదు. తనంతట తానే చేరుకున్నారు. కానీ పేటెంట్ ఆఫీసు చూసేది ఎవరు ముందు అన్నదే. అలా ఒక్క దెబ్బతో కొత్త కంపెనీ ఆధారమే పోయింది. ఇక గాలి టైర్ ఎవరైనా చేసుకోవచ్చు.

మరి కంపెనీ ఎలా బతికింది? ఇక్కడే కథ మలుపు తిరిగింది. గాలి నింపడం మీద హక్కు పోయింది కానీ, ఆ గాలిని నిలబెట్టే పద్ధతుల మీద హక్కు ఇంకా ఎవరికీ పోలేదు.

పంక్చర్ పడితే పూటంతా పనే

డన్‌లప్ మొదటి టైర్లకు ఒక పెద్ద లోపం ఉంది. టైర్‌ను చక్రానికి అతికించేసేవారు. పంక్చర్ పడితే అతికించినదంతా ఊడదీయాలి, లోపలి ట్యూబ్ బయటికి తీసి ప్యాచ్ వేయాలి, మళ్లీ సొల్యూషన్ పూసి ఆరబెట్టాలి. దారిలో పంక్చరైతే ఆ రోజు ప్రయాణం అయిపోయినట్టే.

1890లో ఇద్దరు వేర్వేరుగా దీనికి దారి కనిపెట్టారు. చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ టైర్ అంచులో ఇనుప తీగ పెట్టి, రిమ్ గాడిలో కూర్చునేలా చేశారు. విలియం బార్ట్‌లెట్ టైర్ అంచునే రిమ్ వంపు కింద ఇరుక్కునేలా మార్చారు. ఇక జిగురు అక్కర్లేదు. గాలి తీసేస్తే టైర్ చేత్తో ఊడి వస్తుంది, గాలి కొడితే బిగుసుకుంటుంది. డబ్లిన్ కంపెనీ ఈ రెండు పేటెంట్లూ కొనేసింది. డన్‌లప్ పేటెంట్ పోయినా కంపెనీ నిలబడింది వీటి మీదే.

ఫ్రాన్స్‌లోనూ ఇలాంటిదే జరిగింది. క్లెర్మాంట్ ఫెరాన్ అనే ఊళ్లో రబ్బరు వ్యాపారం చేసే మిషెలిన్ అన్నదమ్ముల దగ్గరికి ఒక సైక్లిస్ట్ పంక్చరైన గాలి టైర్‌తో వచ్చాడని, దాన్ని బాగు చేయడానికి గంటలు పట్టిందని, అతుకు ఆరడానికి రాత్రంతా ఆగాల్సి వచ్చిందని ఆ కంపెనీ చరిత్రలో చెప్పుకుంటారు. వాళ్లు కూడా ఊడదీసే టైర్ తయారు చేసి 1891లో పేటెంట్ తీసుకున్నారు. అదే ఏడాది పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి మళ్లీ పారిస్‌కు వచ్చే సుమారు 1,200 కిలోమీటర్ల రేస్ జరిగింది. మిషెలిన్ టైర్లతో షార్ల్ టెరాం 72 గంటల లోపే పూర్తి చేసి గెలిచారు. రెండో స్థానంలో వచ్చిన సైక్లిస్ట్ వాడినవి డన్‌లప్ టైర్లు.

గాలిని ఆపిన చిన్న రబ్బరు గొట్టం

గాలి పోయే రెండో దారి వాల్వ్. లోపలికి వెళ్లిన గాలి తిరిగి రాకుండా ఆపాలి. దీనికి 1890ల మొదట్లో వచ్చిన సులువైన ఉపాయమే వుడ్స్ వాల్వ్. చిల్లున్న చిన్న లోహపు గొట్టం, దాని మీద బిగుతుగా తొడిగిన రబ్బరు గొట్టం. పంపు కొడితే రబ్బరు ఉబ్బి గాలికి దారిస్తుంది, ఆపగానే చిల్లును మూసేస్తుంది. అంతే.

దీన్నే చాలా దేశాల్లో డన్‌లప్ వాల్వ్ అని కూడా పిలుస్తారు. మనకు ఇది కొత్తేమీ కాదు. మన ఊళ్లలో సైకిల్ షాపుకెళ్లి వాల్‌ట్యూబ్ మార్చమంటే, కుర్రాడు ఓ చిన్న రబ్బరు ముక్క కత్తిరించి తొడుగుతాడు చూడండి, అదే ఇది. 130 ఏళ్లు దాటినా మన మామూలు సైకిళ్లలో అదే పద్ధతి నడుస్తోంది. పాత సైకిల్‌కు గాలి మెల్లగా దిగిపోతుంటే షాపు వాళ్లు ముందు అనుమానించేది కూడా ఆ రబ్బరునే.

కంపెనీకి ఆయన పేరు.. కంపెనీలో ఆయన లేరు

1890ల మొదట్లో డన్‌లప్ పశువైద్యం వదిలేసి డబ్లిన్ వెళ్లారు. కానీ వ్యాపారంలో పగ్గాలు డ్యూ క్రో చేతిలోనే ఉండేవి. 1895లో డన్‌లప్ కంపెనీ నుంచి బయటికొచ్చేశారు.

ఆ మరుసటి ఏడాదే అసలు ట్విస్ట్. 1896లో డ్యూ క్రో ఆ వ్యాపారాన్ని ఎర్నెస్ట్ టెరా హూలీ అనే ఫైనాన్షియర్‌కు 30 లక్షల పౌండ్లకు అమ్మారు. ఆయన దాన్ని 50 లక్షల పౌండ్ల కంపెనీగా మళ్లీ మార్కెట్లోకి తెచ్చారు. ఆ కొత్త కంపెనీ పేరు.. డన్‌లప్ న్యూమాటిక్ టైర్ కంపెనీ! ఇంగ్లండ్‌లో సైకిల్ పిచ్చి పీక్‌లో ఉన్న ఏడాది అది. కోట్ల వ్యాపారం జరిగింది. ఎవరి పేరు మీద జరిగిందో ఆ మనిషికి అందులో చెప్పుకోదగ్గ వాటా లేదు.

దీని మీద ఆయన జీవితాంతం కోర్టుల చుట్టూ తిరగలేదు. డబ్లిన్‌లోనే ఉండిపోయారు, ఒక బట్టల షాపు వ్యాపారంలో భాగస్వామిగా సాగారు. గాలి టైర్ చరిత్ర మీద తన మాటగా ఒక పుస్తకం రాసుకున్నారు. అది అచ్చయింది మాత్రం ఆయన పోయాకే. 1921 అక్టోబర్ 23న డబ్లిన్‌లోని బాల్స్‌బ్రిడ్జ్ ఇంట్లో 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు. డీన్స్‌గ్రేంజ్ శ్మశానంలో సమాధి చేశారు.

ట్యూబ్ పోయింది.. లీక్ పోలేదు

డన్‌లప్ పోయిన చాలా ఏళ్లకు ట్యూబ్ కూడా అక్కర్లేదనే ఆలోచన వచ్చింది. అమెరికాలో బీఎఫ్ గుడ్‌రిచ్ ఇంజినీర్ ఫ్రాంక్ హెర్జెగ్ ట్యూబ్‌లెస్ కారు టైర్‌కు 1952లో పేటెంట్ పొందారు. సైకిల్‌కు రావడానికి ఇంకా టైమ్ పట్టింది. 1999లో మావిక్, మిషెలిన్, హచిన్సన్ కంపెనీలు కలిసి మౌంటెన్ బైక్‌లకు ట్యూబ్‌లెస్ పద్ధతి తెచ్చాయి. తర్వాత లోపల పోసే సీలెంట్ అనే ద్రవం జనంలోకి వచ్చింది. చిన్న చిల్లు పడితే అదే వెళ్లి గడ్డకట్టి మూసేస్తుంది.

కానీ ఒకటి గమనించారా? ట్యూబ్‌లెస్ అంటే డన్‌లప్ కాలం నాటి సమస్యలన్నీ మళ్లీ ముందుకు రావడమే. ట్యూబ్ ఉన్నప్పుడు గాలిని ట్యూబ్ ఒక్కటే ఆపేది. ఇప్పుడు టైర్, రిమ్, రిమ్ టేప్, వాల్వ్ నాలుగూ కలిసి ఆపాలి. ఏ ఒక్కటి తేడా కొట్టినా స్లో లీక్ ఖాయం.

స్లో లీక్ ఎక్కడుందో ఇలా పట్టేయండి

ముందుగా ఒక మాట. రబ్బరు గుండా గాలి ఎంతో కొంత పోతూనే ఉంటుంది. వారంలో కొన్ని పీఎస్ఐ తగ్గితే కంగారు అక్కర్లేదు. రాత్రికి రాత్రే మెత్తబడితే మాత్రం లీక్ ఉన్నట్టే. షాపులో ట్యూబ్‌ను నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు కదా, ఇక్కడా అదే పద్ధతి. టైర్‌లో గాలి కొట్టి, సబ్బు నీళ్లు చల్లి, బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడాలి.

వాల్వ్ కొన దగ్గర బుడగలొస్తే: లోపలి వాల్వ్ కోర్ లూజై ఉండొచ్చు, లేదా ఎండిన సీలెంట్ అడ్డుపడి ఉండొచ్చు. కోర్ తీసి శుభ్రం చేసి బిగించాలి. పాడైతే కొత్తది వేయాలి.

వాల్వ్ మొదట్లో, స్పోకుల చిల్లుల దగ్గర వస్తే: చాలామంది పొరబడేది ఇక్కడే. గాలి రిమ్ లోపలి ఖాళీలో తిరిగి దొరికిన చిల్లులోంచి బయటికొస్తుంది. కాబట్టి బుడగ కనిపించిన చోటే లీక్ ఉండాలని లేదు. వాల్వ్ నట్ చేత్తో బిగించి చూడండి, పట్టకారుతో వద్దు. ఆగకపోతే రిమ్ టేప్ చిరిగినట్టు లెక్క. పాత టేప్ మొత్తం తీసేసి, రిమ్‌ను జిడ్డు లేకుండా తుడిచి, లోపలి వెడల్పుకు సరిపోయే కొత్త టేప్ బిగుతుగా వేయాలి. అతుకు వేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

రిమ్ అంచు దగ్గర వస్తే: టైర్ అంచు సరిగా కూర్చోలేదు. గాలి తీసి, అంచుకు పట్టిన ఎండిన సీలెంట్ ఉండలు, ఇసుక తుడిచేయండి. సబ్బు నీళ్లు రాసి మళ్లీ గాలి కొడితే టప్ మని సౌండ్ వచ్చి కూర్చుంటుంది. టైర్ మీద, రిమ్ మీద రాసిన లిమిట్ మాత్రం దాటొద్దు. రిమ్‌కు సొట్ట ఉంటే మెకానిక్‌కు చూపించాల్సిందే.

టైర్ పక్క గోడల మీద సన్నగా వస్తే: చక్రాన్ని బాగా ఊపి, బకెట్ మీద పడుకోబెట్టి కాసేపు ఉంచండి. తర్వాత రెండో వైపు తిప్పండి. సీలెంట్ అన్ని వైపులా చేరి మూసేస్తుంది. కాస్త పెద్ద చిల్లయితే ప్లగ్ కొట్టాలి.

ఎక్కడా బుడగ లేదు, అయినా గాలి దిగుతోందంటే: సీలెంట్ ఎండిపోయిందేమో చూడండి. సాధారణంగా రెండు నుంచి ఆరు నెలలే దాని ఆయుష్షు. మన ఎండలకు ఇంకా త్వరగా ఎండుతుంది. అందుకే వేసవికి ముందు ఒకసారి చెక్ చేయడం మంచిది. దారిలో కార్బన్ డయాక్సైడ్ క్యాట్రిడ్జ్‌తో గాలి నింపి ఉంటే అదీ కారణం కావొచ్చు. ఆ గ్యాస్ రబ్బరు గుండా మామూలు గాలి కంటే త్వరగా బయటికి పోతుంది. ఇంటికొచ్చాక మామూలు గాలి నింపుకోవాలి.

మన మాటల్లో మిగిలిన పేరు

డన్‌లప్ చేసిన తొలి గాలి టైర్ ఇప్పటికీ స్కాట్లాండ్ నేషనల్ మ్యూజియంలో ఉంది. ఉత్తర ఐర్లాండ్‌లో నార్తర్న్ బ్యాంక్ 10 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వేసింది. మన దేశంలో పశ్చిమ బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ 1936లోనే మొదలైంది. ఇక మన ఇళ్లలో డన్‌లప్ పరుపు అనే మాట వినని వాళ్లుండరు. ఆ నురుగు రబ్బరును కంపెనీ సైంటిస్టులు చేసింది 1929లో, అంటే ఆయన పోయిన ఎనిమిదేళ్లకు. పరుపుతో పశువుల డాక్టర్‌కు ఏ సంబంధమూ లేదు. పేరు మాత్రం ఆయనదే.

ముందు కనిపెట్టింది థామ్సన్. రిమ్‌కు పట్టు ఇచ్చింది వెల్చ్, బార్ట్‌లెట్. వాల్వ్‌కు పేరు వుడ్స్‌ది. డబ్బు చేసుకున్నది డ్యూ క్రో, హూలీ. అయినా జనం డన్‌లప్‌నే గుర్తు పెట్టుకున్నారంటే అందులో అన్యాయం ఏమీ లేదు. థామ్సన్ టైర్ గుర్రపు బండి దగ్గరే ఆగిపోయింది. దాన్ని మామూలు మనిషి తొక్కే సైకిల్ దాకా తెచ్చింది మాత్రం, కొడుకు బండి కుదుపు తగ్గించాలనుకున్న ఆ తండ్రే.